కృత్రిమ రక్తనాళమును మధుమేహమును

మేము తరగతిలో శరీరశాస్త్రము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా, గుడ్డగొట్టమునకు మధుమేహము సోకునా?" అని అడిగెను. తక్కినవారు నవ్విరి. అతడు నవ్వలేదు. అతని తండ్రి మధుమేహరోగి. ఆయన కాలిలో మూసికొనిపోయిన ధమనికి మారుగా వైద్యులు కృత్రిమ నాళమొకటి కుట్టియుండిరి. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే చాలదని తోచినందున, పిదప చదివి తెలిసికొన్నదానిని ఇందు వ్రాయుచున్నాము.

రక్తనాళములను సూదితో కుట్టి కలుపు విధానమునకై కృషిచేసిన అలెక్సిస్ కారెల్ అను వైద్యునకు 1912లో నోబెల్ బహుమానము లభించెను. గుడ్డతో నాళము చేయవచ్చునను ఊహ అమెరికా వైద్యుడగు వూర్హీస్ గారికి 1947లో కలిగెను. పొరపాటున ఒక కుక్క గుండె గదిలోనికి పోయిన పట్టుదారముమీద, కొన్ని నెలల పిదప, నిగనిగలాడు సన్నని పొర పట్టియుండుట ఆయన చూచెను. దారముపై పట్టిన పొర గుడ్డపై ఏల పట్టరాదు? ఆయన ప్రయోగఫలితములు 1952లో వెలువడెను. తరువాత హ్యూస్టను నగరమున డిబేకీ గారు నైలాను కొనబోగా అంగడిలో అది లేకపోయెనట. డేక్రాను గుడ్డ తెచ్చి, భార్య కుట్టుమిషనుపై తానే గొట్టములు కుట్టెనట. నేడు పెద్ద నాళములకు డేక్రానును, కాలి నాళములకు తరచుగా టెఫ్లాను జాతి పదార్థమును వాడుచున్నారు.

ఇక ప్రశ్నకు వత్తము. గుడ్డకు మధుమేహము సోకదు. చక్కెర దానిని కొరుకదు, కుళ్లింపదు. అయితే సజీవమగు ధమని లోపొర, నెత్తురు గడ్డకట్టకుండ కాపాడు పదార్థములను స్రవించుచుండును. కుక్కలలోవలెగాక, మనుష్యులలో ఆ పొర కుట్టు దగ్గర ఒకటి రెండు సెంటిమీటర్లు ప్రాకి నిలిచిపోవును. మిగిలిన దారియంతయు నెత్తురునకు పరాయిచోటే. మధుమేహమున నెత్తురులోని ప్లేట్‌లెట్లను సూక్ష్మకణములకు అంటుకొను గుణము హెచ్చును. అదియుగాక కుట్టువద్ద ధమనిగోడలోని కండకణములు అతిగా పెరిగి దారిని ఇరుకు చేయును. ఇది ఎవరికైనను కలుగవచ్చును గాని మధుమేహము దానికి తోడ్పడును. వెడల్పుగా, వేగముగా పారు బృహద్ధమనిలో ఈ చిక్కు తక్కువ. 6 మిల్లీమీటర్లకంటె సన్నని గొట్టములలో మిక్కిలి హెచ్చు.

వీనికంటెను మాకు ముఖ్యముగా తోచినది దిగువ సంగతి. మధుమేహము మోకాలిక్రింది సన్నని ధమనులను విశేషముగా పట్టును. కాలువ ఎంత బాగుగ త్రవ్వినను దిగువ పంటబోదెలు పూడియున్నచో నీరు సాగదుగదా! సాగని నీటికి నాచు పట్టును; సాగని నెత్తురు గడ్డకట్టును. మోకాలిక్రిందికి నాళము వేయవలసివచ్చినపుడు, మంచి సిర దొరకినచో, రోగి కాలిలోని సిరనే తీసి వాడుట మేలని వైద్యుల మతము.

క్రిమిదోషము వేరొకటి. చక్కెర హెచ్చిన నెత్తురులో తెల్లకణములు చురుకుగ పోరాడలేవు. గుడ్డలో చేరిన క్రిములను మందులు తుదముట్టించుట కష్టము. ఒక్కొక్కప్పుడు నాళమునే తీసివేయవలసి వచ్చును. ఆ క్రిములు అరికాలి పుండునుండియే రావచ్చును. నరములు మొద్దుబారినవానికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు.

మరునాడు ఇదంతయు తరగతిలో చెప్పితిమి. గంట కొట్టిన పిమ్మట ఆ విద్యార్థి మావద్దకు వచ్చి, తన తల్లి ప్రతిరాత్రి తండ్రి పాదములను దీపమువద్ద త్రిప్పి త్రిప్పి చూచుట ఎందులకో ఇప్పుడు తెలిసినదనియు, ఆమె కంటిచూపు మందగించినందున ఇకమీదట తానే చూచెదననియు చెప్పెను.