కలబంద ఆకులో రెండు ద్రవ్యాలు: వైద్య వినియోగంలో పాటించవలసిన భేదం

కలబంద ఆస్ఫోడెలేసి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క. దీని స్వస్థలం అరేబియా ద్వీపకల్పం. సంస్కృతంలో దీనిని కుమారి, ఘృతకుమారి అని వ్యవహరిస్తారు. తెలుగునాట దిష్టి తగలకుండా గుమ్మానికి వేలాడదీసిన కలబంద, వేళ్లకు మన్ను లేకున్నా చాలాకాలం పచ్చగా ఉంటుంది. ఆకులలో నీరు నిల్వ ఉండడం, పత్రరంధ్రాలు పగలు మూసుకొని రాత్రివేళ తెరుచుకోవడం ఇందుకు కారణాలు. అయితే ఈ ఆకు నుండి పరస్పర భిన్నమైన రెండు ద్రవ్యాలు లభిస్తాయన్న విషయం దీని ఔషధ గుణాల ప్రచారంలో తరచు మరుగున పడుతున్నది.

పసుపు రసం, తెల్లని గుజ్జు

ఆకు తొక్క కింద, నాళికాపుంజాల చెంత గల కణాలలో పసుపుపచ్చని చేదు రసం ఉంటుంది. ఎండిన తరువాత నల్లగా గట్టిపడిన ఈ రసమే మూసాంబరం. ఇందులోని ముఖ్య రసాయనం అలోయిన్. పెద్దప్రేగులోని బాక్టీరియా దీనిని మార్పు చెందించగా, ప్రేగు కదలికలు, ద్రవస్రావం పెరిగి విరేచనం అవుతుంది. లోపలి గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. మిగిలిన భాగంలో ఎసిమానన్ అనే బహుశర్కర ముఖ్యమైనది.

సంప్రదాయ వినియోగం

ఈ భేదాన్ని సంప్రదాయ వైద్యం గుర్తించింది. గుజ్జును కాలిన గాయాలకు, కమిలిన చర్మానికి, తలకు పూతగా వాడేవారు. మూసాంబరాన్ని విరేచనకారిగాను, బెణుకులు, వాపులపై పట్టుగాను ఉపయోగించేవారు. క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ కూడా ఈ చేదు రసాన్ని విరేచనకారిగా పేర్కొన్నాడు.

శాస్త్రీయ ఆధారాలు

కాలిన గాయాలపై జరిగిన 4 అధ్యయనాలను 2007లో సమీక్షించగా, కలబంద వాడినవారిలో గాయం మానే కాలం సుమారు 9 రోజులు తగ్గినట్లు తేలింది. ఇతర గాయాల విషయంలో 2012 నాటి కాక్రేన్ సమీక్ష 7 పరీక్షలను పరిశీలించి, ఆధారాలు చాలవని తేల్చింది. కనుక గుజ్జును సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడం తగదు.

చేదు రసం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. భేది మందులలో కలబంద వాడకానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2002లో అనుమతి నిలిపివేసింది. రసం తొలగించని పూర్తి ఆకు సారం ఇచ్చిన ఎలుకల పెద్దప్రేగులో కణితులు ఏర్పడినందున, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల (2బి) వర్గంలో చేర్చింది. గర్భిణులు దీనిని తీసుకోరాదు. దీర్ఘకాల వాడకం వలన శరీరంలో పొటాషియం తగ్గుతుంది. గుండెజబ్బుకు డిగాక్సిన్ వాడేవారికి ఇది ప్రమాదకరం.

కోత, శుద్ధి

ఈ రెండు ద్రవ్యాలను వేరుచేసే పని కోతతోనే మొదలవుతుంది. ముదిరిన అడుగు ఆకులను మొదలు వద్ద కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా ఏటవాలుగా నిలబెడితే పసుపు రసం కారిపోతుంది. తరువాత ఆకును కడిగి, తొక్కను, దానికి అంటిన పసుపు పొరను పూర్తిగా తొలగించి గుజ్జును తీయాలి. గుజ్జు త్వరగా చెడిపోతుంది కనుక ఆలస్యం లేకుండా శుద్ధి చేయాలి. నోటి ద్వారా తీసుకొనే ఉత్పత్తులలో అలోయిన్ 10 పిపిఎంకు మించరాదని అంతర్జాతీయ పరిశ్రమ ప్రమాణం.

ఇంట్లో తయారుచేసిన రసంలో అలోయిన్ ఎంత ఉన్నదో కొలిచే వీలు లేదు. అందువలన విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు, స్వయం సహాయక సంఘాల మహిళలకు శిక్షణ ఇచ్చేటప్పుడు గుజ్జు పైపూతకు ప్రాధాన్యమిచ్చి, పసుపు రసం వేరుచేసే పద్ధతిని ప్రత్యక్షంగా చేసి చూపడం శ్రేయస్కరం.