నాలుగు గళాలు – రెండు పట్టీలు

మన సంగీతం ప్రధానంగా ఏకధారగా సాగేది. కర్ణాటకమైనా, హిందుస్తానీ అయినా, పదిమంది కలిసి పాడినప్పటికీ వారందరూ పాడేది ఒకే వరుస. అందుచేత మన స్వరలిపికి ఒక పంక్తి చాలును. పాశ్చాత్య బృందగానంలో పరిస్థితి వేరు. అక్కడ సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గళాలు ఒకే క్షణంలో నాలుగు వేర్వేరు స్వరాలను పలుకుతాయి. వీటిని కాగితంపై ఏ విధంగా అమర్చాలన్నది పాత సమస్యయే. నేడు కంప్యూటర్‌పై సంగీతం వ్రాసేవారికీ అదే సమస్య ఎదురవుతున్నది. దానిని విద్యార్థుల కొరకు ఇక్కడ పరిశీలిద్దాము.

ఐదు గీతల స్టాఫ్‌ను మనం పట్టీ అని పిలుచుకుందాము. ఒక్కొక్క గళానికి ఒక్కొక్క పట్టీ కేటాయించి నాలుగు పట్టీలు వ్రాయడం మొదటి పద్ధతి. స్త్రీగళాలైన సొప్రానో, ఆల్టోలను పైపట్టీలోను, పురుషగళాలైన టెనార్, బాస్‌లను క్రింది పట్టీలోను కలిపి వ్రాయడం రెండవ పద్ధతి. రెండవదానివల్ల కాగితం కలిసివస్తుంది. పుట త్రిప్పే శ్రమ తగ్గుతుంది. అయితే పొదుపు ఒక్కటే దీనికి కారణం కాదు.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ నాలుగు గళాలకు కూర్చిన కొరాల్ గీతాల మొదటి సంపుటి 1765లో బెర్లిన్‌లో వెలువడినది. దానికి పీఠిక వ్రాసిన ఆయన కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్, ఆర్గాన్, క్లేవియర్ వాయించేవారికి చదువుకొనడం సులభమగునని వాటిని రెండు పట్టీలపై అమర్చినట్లు తెలిపినాడు. ఇది గమనింపదగిన విషయం. రెండు పట్టీలు వాయించేవాని రెండు చేతులకు అనుకూలం. నాలుగు పట్టీలు పాడేవాని కంటికి అనుకూలం. కనుక కలపడానికి ముందే ఈ పుటను ఎవరు చదువుతారని మనల్ని మనం ప్రశ్నించుకోవలెను.

ఇక కలిపే విధానం. ఒకే గళం ఉన్న పట్టీలో మధ్యగీతకు పైనున్న స్వరాలకు కాడ క్రిందికీ, దిగువనున్న వాటికి పైకీ ఉంటుంది. రెండు గళాలు చేరినప్పుడు ఈ నియమం చెల్లదు. స్వరం ఎక్కడ ఉన్నప్పటికీ పైగళానికి కాడ ఎప్పుడూ పైకి, క్రింది గళానికి ఎప్పుడూ క్రిందికి. ఆల్టో ఒక్కొక్కప్పుడు సొప్రానోను దాటి పైకి పోవచ్చును. అప్పుడు ఏ స్వరం ఎవరిదో తెలిపేది ఆ కాడ ఒక్కటే.

రెండు గళాలు ఒకే స్వరాన్ని ఒకే కాలప్రమాణంతో పాడితే ఒక చుక్కకు రెండు కాడలు తగిలిస్తారు. ఒకరు రెండు మాత్రలు, మరొకరు ఒక మాత్ర పాడితే, ఒకటి బోలు చుక్క, మరొకటి నిండు చుక్క కాబట్టి రెండింటినీ ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ఒక గళం మౌనంగా ఉంటే దాని విరామచిహ్నాన్ని ఆ గళం వైపు జరుపుతారు. ఇద్దరికీ ఒకేసారి విరామమైతే నడుమ ఒక్క చిహ్నం చాలును.

టెనార్ విషయంలో మరింత జాగరూకత అవసరం. విడిపట్టీలో టెనార్‌ను ట్రెబుల్ క్లెఫ్‌లో వ్రాసి, క్లెఫ్ క్రింద చిన్న 8 అంకె వేస్తారు. అనగా వ్రాసినదానికంటె ఒక స్థాయి తగ్గించి పాడవలెనని అర్థం. బాస్ క్లెఫ్‌లోకి మార్చినప్పుడు స్వరం పలికే స్థాయిలోనే కనిపించాలి. మొదట 8 అంకె లేని మామూలు క్లెఫ్‌లో ఎక్కించి ఉంటే, కలిపిన పట్టీలో టెనార్ అంతా ఒక స్థాయి పైకి ఎగబ్రాకుతుంది.

షార్ప్, ఫ్లాట్ చిహ్నాలు మరొక చిక్కు. ఒక బార్‌లో వేసిన చిహ్నం ఆ బార్ ముగిసేవరకు ఆ పట్టీలో అదే స్థానానికి వర్తిస్తుంది. సొప్రానో జి షార్ప్ పాడిన తరువాత అదే బార్‌లో ఆల్టో అదే స్థానంలో మామూలు జి పాడవలసి ఉన్నదనుకుందాము. విడిపట్టీలో ఆల్టోకు ఏ గుర్తూ అక్కరలేదు. కలిపిన పట్టీలో నాచురల్ గుర్తు లేకపోతే ఆమె షార్ప్ పాడుతుంది. తప్పు ఆమెది కాదు, వ్రాసినవారిది. ప్రోగ్రాములు చాలావరకు ఈ గుర్తులను తామే సరిచేస్తాయి. అయినా మూలంతో పోల్చి చూడక తప్పదు.

సిబీలియస్, మ్యూజ్‌స్కోర్ వంటి ప్రోగ్రాములు ఒక్కొక్క పట్టీలో నాలుగు గళాల వరకు వేరువేరుగా ఉంచగలవు. సొప్రానోను మొదటి గళంగా, ఆల్టోను రెండవ గళంగా ఎక్కిస్తే కాడల దిక్కును ప్రోగ్రామే చూసుకుంటుంది. లిలీపాండ్‌లో రెండు భాగాలను ఒకే పట్టీలో కలిపే ఆదేశమే ఉన్నది. తొందరపడి రెండింటినీ మొదటి గళంలోనే ఒకే కాడపై పేర్చడం ప్రారంభకులు చేసే పొరపాటు. అట్లు పేర్చినవి కంటికి చక్కగానే కనిపిస్తాయి. కాని గళాలు ఒకదానినొకటి దాటిన చోట ఎవరి స్వరం ఏదో ప్రోగ్రాముకు తెలియదు. మరల విడదీసి ఆల్టోకు వేరు ప్రతి ఇవ్వదలచినప్పుడు ఆ చిక్కు విడదు.

అన్నింటినీ కలపనూ రాదు. నలుగురూ ఒకే లయలో ఒకే పదాలు పాడుతుంటే పట్టీల నడుమ ఒక్క సాహిత్యపంక్తి సరిపోతుంది. హాండెల్ 1741లో రచించిన ‘మెస్సయ్య’లోని హల్లెలూయా బృందగానాన్ని చూడండి. ఆరంభంలో నాలుగు గళాలూ కలిసి నడుస్తాయి. పిమ్మట ఒకచోట ఒకే ఇతివృత్తాన్ని బాస్, టెనార్, ఆల్టో, సొప్రానో ఒకరి తరువాత ఒకరు అందుకుంటారు. అటువంటి చోట నలుగురి పదాలూ నాలుగు చోట్ల ఉంటాయి. వాటిని రెండు పట్టీలలో ఇరికిస్తే పాడేవాడు తన పంక్తిని వెదుక్కుంటూ తన వంతును జారవిడుచుకుంటాడు.

ఉర్దూ కుడినుండి ఎడమకు, తెలుగు ఎడమనుండి కుడికి సాగుతాయి. ఒకే సంచికలో రెండూ ఇముడుతున్నవంటే, ఏ లిపి దిక్కును ఆ లిపికి విడిచిపెట్టడంవల్లనే. ఒక పట్టీపై రెండు గళాల సంగతీ ఇంతే. చోటు పంచుకోవచ్చును గాని, ఎవరి గుర్తింపు వారికి మిగలవలెను. అట్లు మిగలని చోట విడిపట్టీయే మేలని మా అభిప్రాయం.