ఆపిలు సిర్కా

ఆపిలు పండ్లను దంచి, రసము పిండి, జాడీలో నుంచినచో కొన్ని దినములకు అది నురుగులెత్తి పులియును. ఈస్టు అను సూక్ష్మజీవులు రసములోని చక్కెరను సారాయముగా మార్చును. ఈ పానీయమునే ఆంగ్లేయులు సైడరు అందురు. దానికి గాలి తగులనిచ్చినచో, వేరొక జాతి సూక్ష్మజీవులు ప్రాణవాయువు సాయమున ఆ సారాయమును ఎసిటికామ్లముగా మార్చును. ఇదియే ఆపిలు సిర్కా, వినెగరనియు వ్యవహరింతురు. ఈ రెండవ మార్పు సూక్ష్మజీవుల పనియే యని లూయీ పాశ్చర్ 1864లో నిరూపించెను. సిర్కాలో సాధారణముగా నూటికి 5 పాళ్ళు ఆమ్లముండును. తక్కినది ఇంచుమించు నీరే.

ఇట్టి సిర్కాను సర్వరోగనివారిణి యని పొగడువారు నేడును కలరు. పూర్వమొకప్పుడు ఇటువంటి నమ్మకమే ఒక ఓడపై పరీక్షకు నిలిచినది.

18వ శతాబ్దమున దూరయానము చేయు నావికులను స్కర్వీ వ్యాధి పీడించెడిది. చిగుళ్ళు కుళ్ళి, దంతములు కదలి, కాళ్ళు చచ్చుబడి వేలకొలది మరణించెడివారు. పులుపు దీనికి మందని పలువురు వైద్యులు తలచిరి. ఏ పులుపైనను ఒకటియే యని వారి యూహ. 1747 మే నెలలో సాలిస్‌బరీ యను ఆంగ్ల యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అను వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరిగా ఆరు జట్లు చేసెను. అందరికిని భోజన మొక్కటియే. మందులు మాత్రము వేరు. ఒక జట్టునకు దినమునకు లీటరునకు కొంచెము మించిన సైడరు, ఒక జట్టునకు మూడు పూటలు రెండేసి చెంచాల సిర్కా, మరియొక జట్టునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు. తక్కిన మూడు జట్లకు గంధకామ్లపు మందు, సముద్రపు నీరు, ఒక లేహ్యము నిచ్చెను.

ఆరు దినములకే పండ్లు అయిపోయినవి. అయినను వానిని తిన్న యిద్దరిలో నొకడు పనికి సిద్ధమయ్యెను. రెండవవాడు తోడి రోగులకు పరిచర్య చేయగలిగెను. సైడరు త్రాగినవారు కొంత తేరుకొనిరి. సిర్కా త్రాగినవారికి గుణము కనబడలేదు.

నిమ్మలో స్కర్వీని మాన్పునది సి విటమినని 1932లో తేలినది. అది సిర్కాలో లేదు. లిండ్ తన గ్రంథమును 1753లో ప్రకటించినను, ఆంగ్ల నౌకాదళము నావికులకు నిమ్మరసము నియమముగా నిచ్చుట 1795లో గాని ఆరంభము కాలేదు. ఆ నడుమ 42 ఏండ్లు గడచినవి. ఎందరు నావికుల ప్రాణములు పోయెనో!

వంటయింటి సంగతి వేరు. అచట కావలసినది పులుపే గనుక సిర్కాకు బదులు నిమ్మరసము చాలును. పాలు విరుగగొట్టుటకు పుల్లని మజ్జిగయైనను పనికివచ్చును. నీరు కాచు పాత్ర యడుగున గట్టిన సున్నపు పొరను సిర్కా కరగించును, నిమ్మరసమును కరగించును. ఇత్తడి బిందెలు తోముటకు మన యిండ్లలో సిర్కాను వెదకువారెవరు? చింతపండులోని టార్టారికామ్లమే ఆ పని చేయుచున్నది. నిలువ యుంచు కూరగాయలకు మాత్రము ఈ మార్పిడి తగదు. చెప్పిన సిర్కాకు బదులు మజ్జిగ పోసినచో ఆమ్లము చాలక సరకు చెడిపోవును.

నీరు కలుపని సిర్కా త్రాగినచో దంతముల పైపొర అరుగును, గొంతు మండును. బ్లీచింగు పొడితో దానిని ఎన్నడును కలుపరాదు. క్లోరిన్ అను విషవాయువు పుట్టును.