బిగించేటప్పుడు కాస్త వదులు ఉంచరా



నువ్వు పంపిన ఫొటోలు చూశాను. నువ్వు చేస్తున్న ఆర్కేడ్ ఆటల పెట్టె పక్క పలకల వంపు చక్కగా కోశావు. ఇక నీ ప్రశ్న: "అక్రిలిక్ ఎంత మందం తీసుకోవాలి మామయ్యా, ఒక 8×4 షీటు సరిపోతుందా?" సరిపోతుంది, కానీ కొనకు. నీ పెట్టెలో అక్రిలిక్ మూడు చోట్ల వస్తుంది. పైన పేరు వెలిగే మార్కీ, మధ్యలో మానిటర్ ముందు పలక, కింద బటన్లుండే కంట్రోల్ ప్యానెల్. మొదటిది వెలుతురు పరచాలి, రెండోది మానిటర్ అంచుల్ని దాచాలి, మూడోది దెబ్బలు తినాలి. ఈ మూడింటికీ ఒకే షీటు పనికిరాదు. సైన్‌బోర్డులు చేసే ఏ దుకాణంలోనైనా కట్ పీసులు ఓ మూలన పడి ఉంటాయి. టేపు పట్టుకుని వెళ్ళి అడుగు, నీకు కావలసినవి చాలావరకు అందులోనే దొరుకుతాయి.

అడిగేటప్పుడు 'కాస్ట్' షీటు కావాలని గట్టిగా అడుగు. ఎక్స్‌ట్రూడెడ్ షీటు చవక, మందం కూడా అంతటా ఒకేలా ఉంటుంది. కానీ డ్రిల్లు పెడితే వేడికి కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది, స్పిరిట్ లాంటిది తగిలితే తొందరగా చిట్లుతుంది. కాస్ట్ షీటు కోతకు, లేజర్‌కు బాగా లొంగుతుంది. దాంతో ఒక్కటే చిక్కు. పైన 3 మి.మీ. అని రాసి ఉన్నా నిజంగా అంత ఉండకపోవచ్చు, ఒకే షీటులో ఈ చివరకూ ఆ చివరకూ తేడా ఉండొచ్చు. వెర్నియర్ పెట్టి కొలవనిదే డబ్బు ఇవ్వకు.

కంట్రోల్ ప్యానెల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పని చెడేది ఎక్కువగా అక్కడే. నువ్వు 18 మి.మీ. ప్లైవుడ్ మీద 3 మి.మీ. అక్రిలిక్ వేద్దామని గీశావు. మొత్తం 21 అవుతుంది. అంచుకు కొట్టే టీ-మోల్డింగ్ ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. రెండు మిల్లీమీటర్ల అక్రిలిక్ అంచు బయట మిగిలి, ఆడేవాడి మణికట్టును గీరుతుంది. ఆ ఒక్క పలకకు 16 మి.మీ. ప్లైవుడ్ వెయ్యి. 16, 3 కలిస్తే సరిగ్గా 19.

బటన్లు చేతికి రాకముందే రంధ్రాలు పెట్టకు. జపాన్ తరహా సాన్వా బటన్లకు 30 మి.మీ. రంధ్రం కావాలి. వాటిలో క్లిప్పుతో పట్టుకునే రకం సన్నని రేకు ప్లేటు కోసం చేసింది, 19 మి.మీ. మందంలో దానికి పట్టు దొరకదు. అమెరికన్ తరహావి 28 మి.మీ. రంధ్రంలో కూర్చుంటాయి, పొడుగు మర, కింద నట్టు ఉంటాయి కాబట్టి చెక్కకు అవే హాయి. ఎన్ని బటన్లన్నది నువ్వు ఆడే ఆటను బట్టి. 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2' కావాలంటే ఆరు. మా కాలం పిల్లలు 'ముస్తఫా' అని పిలుచుకున్న ఆట, 1993లో వచ్చిన 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'కు రెండు చాలు. అనవసరంగా ఎనిమిది రంధ్రాలు పెట్టి పలకను జల్లెడ చేయకు.

జాయ్‌స్టిక్ బోల్టుల తలలు చెక్కలోకి దిగేలా గాడి తీసి, వాటి మీద ప్రింటు, ఆ పైన అక్రిలిక్ పరుచు. అప్పుడు అక్రిలిక్‌కు విడిగా స్క్రూలే అక్కర్లేదు, బటన్ల అంచులే దాన్ని కింద చెక్కకు అదిమి పడతాయి. స్క్రూ లేని చోట పగులు కూడా ఉండదు.

కోతకు రెండు దారులు. చేత్తో చేసేటట్లయితే ముందు చెక్కలో రంధ్రాలు పూర్తిచెయ్యి. అక్రిలిక్‌ను డబుల్ సైడ్ టేపుతో దానికి అంటించి, మధ్యలో చిన్న రంధ్రం వేసి, బేరింగ్ ఉన్న ట్రిమ్మింగ్ బిట్టును రూటర్‌కు తగిలించి చెక్క అంచు వెంబడే తిప్పు. ఇనుముకు వాడే మామూలు డ్రిల్ బిట్టు మాత్రం దగ్గరికి రానివ్వకు. అవతలి వైపుకు దిగే క్షణంలో అది షీటును పట్టి లాగి ముక్క పెళ్ళగిస్తుంది. స్టెప్ బిట్టు వాడు, కింద చెక్క ముక్క పెట్టు, పైన కాగితం ఊడదీయకు. అదంతా వద్దనుకుంటే డ్రాయింగ్ తీసుకుని సీఓ2 లేజర్ కటింగ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళు, అంచు మెరుస్తూ వస్తుంది. ప్రింటు అంటించాక మాత్రం లేజర్‌కు ఇవ్వకు. ఆ ప్రింటు వినైల్ మీద ఉంటుంది, వినైల్ అంటే పీవీసీ. అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది, ఊపిరితిత్తులకూ మిషనుకూ రెండింటికీ చేటు. బుద్ధి ఉన్న ఏ దుకాణదారుడూ దాన్ని ముట్టుకోడు.

మార్కీకి నువ్వు నాలుగు మూలలా నాలుగు స్క్రూలు గీశావు. తీసెయ్యి. అక్రిలిక్ వేడికి గాజు కన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. 60 సెం.మీ. ముక్క, 30 డిగ్రీల తేడాకు, మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. మీ ఇల్లు ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో లేదనుకో, అయినా మే నెల ఎండ, వెనక వెలిగే దీపాల వేడి కలిస్తే ఆ తేడా రావడం వింతేమీ కాదు. స్క్రూలతో బిగించిన షీటు సాగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది, లేదా రంధ్రం దగ్గర సన్నగా చిట్లుతుంది. పైనా కిందా అల్యూమినియం ఎల్-యాంగిల్ పట్టీ వేసి, షీటును ఆ గాడిలో నిలబెట్టి, రెండు పక్కలా చెరో 2 మి.మీ. ఖాళీ వదులు. ఎక్కడైనా స్క్రూ తప్పదంటే 4 మి.మీ. స్క్రూకు 6 మి.మీ. రంధ్రం పెట్టి, వాషర్ వేసి, చేతి స్క్రూడ్రైవర్‌తో ఆగిన చోట ఆపు. కోసు తల స్క్రూ వాడావా, అది మేకులా దిగి షీటును చీలుస్తుంది.

మార్కీలో పొరల వరుస ఇది: ముందు పారదర్శకమైన 2 మి.మీ. ముక్క, మధ్యలో బ్యాక్‌లిట్ ఫిల్మ్ ప్రింటు, వెనక మిల్కీ వైట్ ముక్క. ఎల్‌ఈడీ పట్టీలో చుక్కకూ చుక్కకూ మధ్య ఉన్న దూరం కన్నా, ఆ పట్టీకీ మిల్కీ షీటుకూ మధ్య దూరం ఎక్కువ ఉండాలి. లేకపోతే పేరు బదులు చుక్కలే కనిపిస్తాయి.

ఇక మానిటర్ ముందు పలక. ముప్పై ఏళ్ళుగా అక్రిలిక్ అమ్ముకుని బతికేవాణ్ణి, అయినా చెబుతున్నాను: అక్కడ పారదర్శకమైన పలకే కావాలంటే టఫెన్డ్ గ్లాస్ పెట్టు. పిల్లల గోళ్ళు, గాజులు, రోజూ తుడిచే గుడ్డ, వీటికి అక్రిలిక్ మీద గీతలు పడక తప్పవు. పైగా స్థిర విద్యుత్తుతో దుమ్మును పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. టఫెన్డ్ గ్లాస్‌ను తయారయ్యాక కోయలేరు కాబట్టి కొలత మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి. మానిటర్ అంచులు కనబడకూడదనుకుంటే పొగరంగు గ్రే అక్రిలిక్ బాగుంటుంది. తెర కాస్త మసకబారుతుంది, ఎల్‌సీడీకి వెలుతురు పెంచుకుంటే సరిపోతుంది. ఆ పలకతో పాతవాళ్ళు చేసిన గారడీలు చాలా ఉన్నాయి. 1978 'స్పేస్ ఇన్వేడర్స్' తెర నలుపు తెలుపే. రంగు సెల్లోఫేన్ పట్టీలు వేసి గ్రహాంతరవాసులకు రంగు పూశారు, సగం పారదర్శకమైన అద్దం పెట్టి వెనక చంద్రుడి బొమ్మ ఉన్నట్టు చూపించారు.

తుడవడానికి సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ. స్పిరిట్, థిన్నర్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు, చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా వద్దు. లేజర్‌తో కోసిన అంచు దగ్గర అవి తగిలితే కళ్ళ ముందే వెంట్రుకల్లాంటి బీటలు వస్తాయి. షీటు మీది కాగితం అన్నీ బిగించాక, చివర్లో ఊడదీయి.

ఈ ఉత్తరంతో పాటు గ్రే రంగులో రెండు కట్ పీసులు పంపుతున్నాను, ఒకటి లేతది, ఒకటి ముదురుది. రాత్రి గదిలో లైటు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి మానిటర్ ముందు పెట్టి చూడు. ఏది నచ్చిందో ఫోన్ చేసి చెప్పు, ప్యానెల్ కొలతలు కూడా అప్పుడే చదివి వినిపించు.

మీ మామయ్య