పాలపన్ను నుంచి కట్టుడు పళ్ల దాకా

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఆరున్నరేళ్లు. కింది దవడలో చివరి పన్ను నల్లబడి గుంట పడింది. "పాలపన్నే కదా, ఊడిపోతుందిలే" అంటున్నారు మా అత్తయ్య. ఎప్పటికి ఊడుతుంది?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, అది పాలపన్ను కాకపోవచ్చు. పాలపళ్లు మొత్తం 20. పై దవడలో, కింది దవడలో ఒక్కో పక్కకు ఐదేసి. బాబు నోరు తెరిపించి, ముందుపళ్ల నడిమి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పుచ్చినది ఆరోదైతే అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఆరేళ్ల వయసులో ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక వచ్చేస్తుంది. అందుకే ఇంట్లో ఎవరూ గమనించరు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ పన్ను పోవడమే. ఇది పోతే మళ్లీ రాదు.

లెక్కలో నాలుగోదో, ఐదోదో అయినా ఊరుకోవద్దు. పాల దవడపళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండాలి. ముందే తీయించేస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది. ఈ వారంలోనే చూపించండి. గుంట పైపైనే ఉంటే ఫిల్లింగ్‌తో సరిపోతుంది. మిగతా దవడపళ్ల గాళ్లలో పాచి చేరకుండా సీలెంట్ పూత వేయమని కూడా అడగండి.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రిపూట మీ చేత్తోనే తోమండి. తోమాక మంచినీళ్లు తప్ప పాలు, బిస్కెట్లు ఏవీ వద్దు.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పెద్దమ్మాయి పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్నాయి. చిన్నదానికి నాలుగేళ్లు. నీళ్లు కాచి ఇస్తున్నాం. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మానేయాలా?
– ఓ తండ్రి

జవాబు: ముందు కాచడం గురించి చెప్పాలి. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్లు ఇంకా పెరుగుతాయి. మీ ప్రాంతానికి ఇది కొత్త కష్టం కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు ఫ్లోరైడ్ వల్ల వచ్చే వ్యాధిని గుర్తించి రాశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక తండ్రి ఇదే ప్రశ్న అడగాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉంది.

మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ మించకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 దాకా. మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. తాగడానికే కాదు, అన్నానికీ పప్పుకీ కూడా శుద్ధి చేసిన నీళ్లే వాడాలి. ఈ మచ్చలు పన్ను చిగురులోపల తయారవుతున్నప్పుడే పడతాయి. ఎనిమిదేళ్లలోపు తాగే నీరే వాటిని నిర్ణయిస్తుంది. అంటే మీ చిన్నమ్మాయి విషయంలో ఇంకా సమయం ఉంది.

పేస్టు మాటకొస్తే, పుప్పిపళ్లు రాకుండా కాపాడేదీ ఆ ఫ్లోరైడే. సాధారణంగా ఈ వయసుకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మించాలి. మీ ఊరి నీటి రిపోర్టు పట్టుకెళ్లి దంతవైద్యుడికి చూపిస్తే, మీ పాపకు ఏ పేస్టు సరిపోతుందో చెబుతారు. పెద్దమ్మాయి మచ్చలు ఎంత తోమినా పోవు. బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి రుద్దనివ్వకండి, పైపొర అరిగిపోతుంది. వాటిని తగ్గించే చికిత్సలు ఉన్నాయి.

ప్రశ్న: నాకిప్పుడు ఐదో నెల. తోముకుంటే చిగుళ్లలోంచి రక్తం వస్తోంది. కడుపుతో ఉన్నప్పుడు పళ్ల వైద్యం చేయించుకోకూడదంటారు, నిజమేనా?
– వరంగల్

జవాబు: నిజం కాదమ్మా. నాలుగు నుంచి ఆరో నెల దాకా పళ్ల వైద్యానికి అనువైన కాలం. హార్మోన్ల వల్ల చిగుళ్లు వాస్తాయి. రక్తం వస్తోందని తోమడం మానితే గార పేరుకుని ఇంకా వాస్తాయి. మెత్తని బ్రష్ వాడండి, పళ్లు క్లీన్ చేయించుకోండి. వాంతి అయిన వెంటనే తోమకుండా నీళ్లతో పుక్కిలించి, అరగంట ఆగండి.

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ తాగుతుంది. అంగిట్లో తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. నొప్పి లేదని ఆసుపత్రికి రానంటోంది. కట్టుడు పళ్లు మాత్రం పెట్టించమంటోంది.
– ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తల్లీ, కట్టుడు పళ్ల సంగతి తర్వాత. ముందు ఆ అంగిలి చూపించాలి. అడ్డపొగలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. అక్కడ తెల్లదనం, ఎర్రటి చుక్కలు ఈ అలవాటున్న చాలామందిలో కనిపిస్తాయి. అన్నీ క్యాన్సర్ కావు. కొన్ని అవుతాయి, మొదట్లో నొప్పి ఉండదు. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే తేలిపోతుంది. తొలి దశలోనే బయటపడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. పై సెట్టు అంగిలిని పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి పరీక్ష కాకుండా పెట్టించడం ప్రమాదం.

అమ్మను తప్పుపట్టకండి. వాళ్లమ్మనూ, పక్కింటి వాళ్లనూ చూసి అలవాటైన పని అది. "పళ్లు కట్టించడానికే వెళ్తున్నాం, ముందు నోరంతా చూస్తారట" అని చెప్పండి, అది నిజం కూడా. చుట్ట మానడానికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. శ్రీకాకుళం సర్వజనాసుపత్రిలో గానీ, విశాఖ కేజీహెచ్‌లో గానీ చూపించండి. ఆమె వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు, ముఖ్యంగా రక్తం పలచబరిచేవి ఉంటే, ఆ చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి. ముక్క తీసేముందు డాక్టరుకు అవి తెలియాలి.