ఏది ఈజీ మామయ్యా?

డోర్నకల్ జంక్షన్‌లో డిగ్రీ పిల్లలు రెండు దిక్కులకూ రైలెక్కుతారు. కొందరు మహబూబాబాద్‌కు, కొందరు ఖమ్మానికి. రెండూ పాతిక కిలోమీటర్ల లోపే. జిల్లాలు వేరైనా యూనివర్సిటీ ఒక్కటే, వరంగల్ కాకతీయ. అందుకే ఏ బండి దిగిన పిల్లల నోటైనా ఒకటే మాట వినబడుతుంది: ఏ సబ్జెక్టు తీసుకుంటే మార్కులు పడతయ్?

డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో సీటొచ్చి, కాలేజీలో రిపోర్టింగ్‌కు పోయే ముందురోజు మా మేనకోడలు కూడా అదే అడిగింది. "మామయ్యా, ఏది ఈజీ?"

"ముందు తెల్లకాగితం తెచ్చుకో బిడ్డా" అన్నాను. సబ్జెక్టు పేరు వినగానే ఈజీనో కాదో తేల్చేవాళ్లే ఎక్కువ. తేల్చాల్సింది క్రెడిట్ల పట్టిక చూసి.

2019-20లో వచ్చిన నమూనానే వేసి చూపించాను. సెమిస్టర్‌కు 25 క్రెడిట్లు, ఆరింటికి 150. అందులో మెయిన్ సబ్జెక్టులవే 90. ఇంగ్లీషుకు 20, సెకండ్ లాంగ్వేజ్‌కు 20. రెండూ ఆరు సెమిస్టర్లూ వెంట వస్తాయి, మొదటి రెండింటిలో నాలుగేసి, తర్వాత మూడేసి క్రెడిట్లతో. మొదటి ఏడాది పర్యావరణం, కంప్యూటర్ పేపర్లకు రెండేసి. రెండో ఏడాది స్కిల్ పేపర్లు నాలుగు, వాటికీ రెండేసి. ఐదో సెమిస్టర్‌లో జనరిక్ ఎలెక్టివ్‌కు 4, ఆరులో ప్రాజెక్టుకు 4.

గ్రేడు పాయింటును క్రెడిట్లతో హెచ్చవేసి, అన్నీ కూడి, 25తో భాగిస్తే ఆ సెమిస్టర్ ఎస్‌జీపీఏ వస్తుంది. నాలుగు క్రెడిట్ల పేపర్లో ఒక గ్రేడు పెరిగితే 0.16 కలుస్తుంది, రెండు క్రెడిట్ల పేపర్లో 0.08. పిల్లలేమో ఒక్కసారి వచ్చిపోయే ఎలెక్టివ్ కోసం వారం రోజులు చర్చించి, మూడేళ్లు వెంటుండే సెకండ్ లాంగ్వేజ్‌ను కౌంటర్ దగ్గర నిలబడి, ముందున్న పిల్ల ఏది రాస్తే అది రాసేస్తారు. నేనూ అట్లనే చేసినవాణ్ణి. స్నేహితుల వెంటబడి తీసుకున్న భాషకు మా కాలేజీలో సగం ఏడాది దాకా సారే రాలేదు.

కాబట్టి క్రెడిట్ల పట్టిక తర్వాత రెండో మెట్టైన సెకండ్ లాంగ్వేజ్ మీదే ఎక్కువసేపు కూర్చున్నాం. ఇంటర్‌లో మా పిల్లది సంస్కృతం. ఎంపీసీ వెయ్యి మార్కుల్లో సెకండ్ లాంగ్వేజ్‌వి 200, కార్పొరేట్ కాలేజీలు సంస్కృతాన్ని ఎందుకు పట్టుకున్నాయో అక్కడే తెలుస్తుంది. వ్యాసాలు ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది, పాఠాలు కొన్నే, ప్రశ్నలు తిరిగి తిరిగి వచ్చేవే. 2025లో సర్కారు జూనియర్ కాలేజీల్లోనూ సంస్కృతం పెట్టాలని ఇంటర్ బోర్డు కదిలినప్పుడు తెలుగు రచయితలు గొడవ చేసింది ఇందుకే: మార్కుల పోటీలో తెలుగు వెనకబడుతుందని.

"సంస్కృతంలో నూటికి ఎంత?"

"తొంభై ఎనిమిది."

పాత పుస్తకం తెరిచి ఒక వాక్యం చదవమన్నాను. స్టేషన్ బోర్డు మీద హిందీలో ఊరి పేరు కూడబలుక్కున్నట్టు చదివింది. తొంభై ఎనిమిది వచ్చిన చదువు అది! పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు తెలుగు కన్నా ఈజీ ఏముంటుంది? ఇది నా పక్షపాతమే అనుకోండి. దేవనాగరి తడుముకోకుండా చదివే పిల్లలు, కాలేజీలో సంస్కృతం సారు ఉంటే, నిశ్చింతగా అదే తీసుకోవచ్చు.

మూడోది జిరాక్స్ సెంటర్ పని. మూడేళ్ల పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని, యూనిట్ల వారీగా ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టుకోవాలి. గీతలు గుంపులుగా పడితే ఆ పేపరు ఈజీ. అన్ని యూనిట్లలోనూ చెదిరి పడితే సీనియర్లు ఎంత పొగిడినా నమ్మొద్దు.

ఐదో సెమిస్టర్ ఎలెక్టివ్‌కు ఇంకా టైముంది గానీ, అప్పటికి చేయాల్సింది కూడా చెప్పి ఉంచాను. మొదట టైంటేబుల్ చూడాలి. క్లాసు చివరి గంటలో పడితే బండి కోసం లేచిపోతారు. హాజరు 75 శాతం తగ్గితే ఏ ఈజీ సబ్జెక్టూ ఆదుకోదు. ఆ తర్వాత, పోటీ పరీక్ష రాసే ఆలోచన ఉంటే దానికి పనికొచ్చేది వెతుక్కోవాలి. గ్రూప్-2 నాలుగో పేపరు మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే, 150 మార్కులు. బీఎస్సీ పిల్ల ఎలెక్టివ్‌గా ఆ పాఠాలున్న చరిత్ర పేపరు తీసుకుంటే చదివింది రెండు చోట్ల పనికొస్తుంది.

ఈ క్రెడిట్లు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకండి, సవరణలు వస్తుంటాయి. మీ బ్యాచ్ పట్టికను కాలేజీ ఆఫీసులో అడిగి తీసుకోండి. సెకండ్ లాంగ్వేజ్ మార్చుకోవాలనుకుంటే క్లాసులు మొదలైన తొలి రోజుల్లోనే అర్జీ పెట్టండి. పేర్లు యూనివర్సిటీకి వెళ్లాక మార్చడం కష్టం.

మర్నాడు మా మేనకోడలు దరఖాస్తులో తెలుగు అని రాసి వచ్చింది. ఖమ్మం బండికి నెల పాసు ఇంకా చేయించుకోవాలి.