వెబ్‌సైట్ కొత్త హోస్టింగ్‌కి మారుస్తుంటే ఇంపోర్ట్ మధ్యలో ఆగిపోయిందా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

వర్డ్‌ప్రెస్ సైట్‌ని ఒక హోస్టింగ్ నుంచి ఇంకో హోస్టింగ్‌కి మార్చడం వీడియోల్లో చూస్తే పది నిమిషాల పనిలా ఉంటుంది. పాత చోట ఎక్స్‌పోర్ట్, కొత్త చోట ఇంపోర్ట్, అంతే. తీరా మనం కూర్చుంటే స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ రాదు, పనీ అవ్వదు. అప్పుడు చాలామంది పేజీ రీఫ్రెష్ కొడతారు, లేదా అంతా డిలీట్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. రెండిట్లో ఏది చేసినా అసలు కారణం తెలియదు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగుతుంది.

మాది మార్కాపురం ప్రాంతం, అర్ధవీడు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే మా బాబాయి సైట్‌ని ఈ మధ్య మార్చాల్సి వచ్చింది. పాత హోస్టింగ్ వాళ్లు రెన్యువల్ రేటు బాగా పెంచేశారు. ప్లాన్ శుక్రవారంతో అయిపోతుంది, ఆ తర్వాత ఫైళ్లు ఉంచుతామనే గ్యారంటీ లేదు. సైట్‌లో దాదాపు 600 ఫోటోలు ఉన్నాయి. ఏ రాయి ఏ రంగులో ఉంటుందో, ఏ సైజులో కోస్తారో బయటి రాష్ట్రాల వాళ్లు ఆ ఫోటోలు చూసే ఆర్డర్ ఇస్తారు. ఫోటోలు తీసిన ఫోన్లు ఎప్పుడో పోయాయి, వేరే కాపీ ఎక్కడా లేదు. నాకు ఫోన్ వచ్చేసరికి మంగళవారం అయింది. "ఏం రా, నిన్న సాయంత్రం నుంచి తిరగతానే ఉంది, ఇంతకీ ఇది కదులుతుందా లేదా?" అన్నాడు బాబాయి.

నిజానికి ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

మొదటి పని: ఆగిందా, నెమ్మదిగా నడుస్తోందా?

బ్రౌజర్‌లో తిరిగే చక్రాన్ని నమ్మొద్దు. సర్వర్‌లో పని ఎప్పుడో చచ్చిపోయినా అది తిరుగుతూనే ఉండొచ్చు. చక్రం ఆగిపోయినా వెనకాల పని నడుస్తూ ఉండొచ్చు. మూడు చోట్ల చూడండి.

1. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో పోస్టుల టేబుల్ తెరిచి ఎన్ని వరసలు ఉన్నాయో రాసుకోండి. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. పెరిగితే నడుస్తున్నట్టు.
2. ఫైల్ మేనేజర్‌లో అప్‌లోడ్స్ ఫోల్డర్ సైజు కూడా అలాగే రెండుసార్లు చూడండి.
3. కంట్రోల్ ప్యానెల్‌లో ఎర్రర్ లాగ్ తెరిచి చివరి పది లైన్లు చదవండి. ఖాళీగా ఉంటే వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో డీబగ్, డీబగ్ లాగ్ రెండూ ఆన్ చేసి మళ్లీ నడపండి. సందేశాలు డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో ఒక లాగ్ ఫైల్‌లోకి వస్తాయి. పని అయ్యాక ఆఫ్ చేయడం మర్చిపోవద్దు, ఆ ఫైల్ బయటివాళ్లకు కనపడొచ్చు.

రెండు అంకెలూ కదలకపోతే ఆగినట్టే. ఇప్పుడు ఏ దశలో ఆగిందో చూద్దాం.

అప్‌లోడ్ దగ్గరే ఆగితే: తూము ఎంతుందో చూడండి

మా వైపు కంభం చెరువు ఎంత పెద్దదో అందరికీ తెలుసు. కానీ చెరువు ఎంత పెద్దదైనా నీళ్లు తూము సైజులోనే బయటికి వస్తాయి. హోస్టింగ్ ప్లాన్‌లో 50 జీబీ స్టోరేజ్ అని రాసి ఉన్నా, ఒక ఫైల్ లోపలికి వచ్చే దారి చిన్నదై ఉంటుంది. పైగా ఆ దారిలో ఒకటి కాదు, మూడు నాలుగు తూములుంటాయి.

పీహెచ్‌పీలో మనం ఏమీ మార్చకపోతే ఒక ఫైల్ అప్‌లోడ్ పరిమితి 2 ఎంబీ, మొత్తం పోస్ట్ పరిమితి 8 ఎంబీ, మెమరీ 128 ఎంబీ. ఇంజిన్‌ఎక్స్ సర్వర్‌లో డిఫాల్ట్ పరిమితి 1 ఎంబీనే. అది దాటితే 413 అనే ఎర్రర్ వస్తుంది. ముందు క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ పెట్టుకున్నవాళ్లకు ఒక్కో అప్‌లోడ్‌కి 100 ఎంబీ హద్దు. హోస్టింగ్ కంపెనీలు వీటిలో కొన్నిటిని పెంచి ఇస్తాయి, కొన్నిటిని వదిలేస్తాయి. అన్నిటికంటే చిన్నది ఏదో అదే మీ అసలు పరిమితి. అందుకే అప్‌లోడ్ పరిమితి 512 ఎంబీ చేసి, పోస్ట్ పరిమితి 8 దగ్గరే వదిలేస్తే ఏ ప్రయోజనమూ ఉండదు. పోస్ట్ పరిమితి ఎప్పుడూ అప్‌లోడ్ పరిమితి కంటే కొంచెం ఎక్కువే ఉండాలి.

హోస్ట్ ఈ అంకెలు మార్చనివ్వకపోతే ఫైల్‌నే ముక్కలు చేయండి. వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ పేజీలో పోస్టుల్ని తేదీల వారీగా, కేటగిరీల వారీగా విడివిడిగా దించుకోవచ్చు. ఒక్కో ఏడాదికి ఒక్కో ఫైల్ చేస్తే చాలు.

ఒకే టైముకి ఆగుతుంటే: గడియారం చూడండి

ఇంపోర్ట్ మొదలైన దగ్గర నుంచి ఎన్ని సెకన్లకు ఆగుతోందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. తమాషాగా అనిపిస్తుంది కానీ బాగా పనికొచ్చే పరీక్ష ఇది. ప్రతిసారీ దాదాపు 60 సెకన్లకే 504 వస్తుంటే అది ఇంజిన్‌ఎక్స్ వెనకాల పీహెచ్‌పీ కోసం ఎదురుచూసే డిఫాల్ట్ సమయం. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో 300 సెకన్లకు ఆగితే అది దాని సొంత డిఫాల్ట్ పరిమితి.

ఇక్కడ చాలామందికి అర్థం కాని విషయం ఒకటుంది. పీహెచ్‌పీ ఎగ్జిక్యూషన్ టైమ్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు. దాన్ని 300 చేసినా ఇంపోర్ట్ అక్కడే ఆగుతుందని వాపోతుంటారు. లైనక్స్ మీద ఆ 30 సెకన్లలో స్క్రిప్ట్ సొంతంగా పనిచేసిన సమయమే లెక్క. డేటాబేస్ జవాబు కోసం, బయటి సైట్ నుంచి ఫోటో రావడం కోసం ఎదురుచూసిన సమయం అందులోకి రాదు. వెబ్ సర్వర్ మాత్రం గోడ గడియారం చూసుకుంటుంది. మీరు పీహెచ్‌పీకి ఎంత టైమ్ ఇచ్చినా, ముందున్న వెబ్ సర్వర్ 60 సెకన్లకే తలుపు మూసేస్తే ఫలితం ఒకటే.

ఇలాంటప్పుడు మళ్లీ అదే ఫైల్‌తో ఇంపోర్ట్ నడపడానికి భయపడక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ ఇంపోర్టర్ టైటిల్, తేదీ చూసి, ముందే వచ్చిన పోస్టుల్ని వదిలేసి మిగతావి తెస్తుంది. మెనూ ఐటమ్స్ మాత్రం రెండేసి పడొచ్చు, వాటిని చివర్లో చేత్తో తీసేయండి.

ఫోటోల దగ్గర ఆగితే: మూడు కారణాలు

ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో ఫోటోలు ఉండవు, వాటి అడ్రస్‌లు మాత్రమే ఉంటాయి. ఇంపోర్టర్ ఆ అడ్రస్ పట్టుకుని పాత సైట్‌కి వెళ్లి ఒక్కొక్కటిగా దించుకుంటుంది. కాబట్టి పాత సైట్ బతికి ఉండటం తప్పనిసరి.

మొదటి కారణం: డొమైన్ ముందే కొత్త సర్వర్‌కి తిప్పేయడం. అప్పుడు ఇంపోర్టర్ ఫోటో కోసం పాత అడ్రస్‌కి వెళ్తే అది తిరిగి కొత్త సర్వర్‌కే వస్తుంది. అంటే తన ఇంట్లో లేని వస్తువు కోసం తన తలుపే తట్టుకుంటున్నట్టు. బాబాయి సైట్‌లో మొదట దొరికింది ఇదే. నేను చూసేసరికే నేమ్‌సర్వర్లు మారిపోయి ఉన్నాయి. పోస్టులన్నీ వచ్చాయి, ఫోటో ఒక్కటీ రాలేదు.

రెండో కారణం: థంబ్‌నెయిల్స్. ఒక పెద్ద ఫోటో లోపలికి రాగానే వర్డ్‌ప్రెస్ దానికి చిన్నవి పెద్దవి కలిపి అరడజను దాకా కాపీలు తయారు చేస్తుంది. 2560 పిక్సెల్స్ దాటితే ఇంకో కాపీ. థీమ్ సొంత సైజులు అదనం. ఒక్కో ఫోటోకి 8 ఫైళ్లు అనుకున్నా 600 ఫోటోలకి 4,800 ఫైళ్లు. ఇప్పటి ఫోన్ కెమెరాలు తీసే పెద్ద ఫోటోలైతే చవక సర్వర్ ప్రాసెసర్ మీద భారం ఇంకా ఎక్కువ. అందుకే ఎడిట్ చేయని ఫోన్ ఫోటోలు ఉన్న సైట్లు ఇక్కడ ఎక్కువగా ఆగుతాయి.

మూడో కారణం: ఐనోడ్ పరిమితి. షేర్డ్ హోస్టింగ్‌లో ఎన్ని జీబీలు అనే దానితో పాటు ఎన్ని ఫైళ్లు అనే లెక్క కూడా ఉంటుంది. జీబీలు మిగిలి ఉన్నా ఫైళ్ల కోటా నిండితే కొత్త ఫైల్ పుట్టదు. కంట్రోల్ ప్యానెల్‌లో ఈ అంకె తప్పకుండా చూడండి.

సర్వర్ నుంచి సర్వర్‌కే పంపండి

ఫోటోల సమస్యకు నాకు నచ్చిన దారి ఇంపోర్టర్‌ని పక్కన పెట్టేయడం. అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని మొత్తంగా తెచ్చి, డేటాబేస్‌ని మొత్తంగా తెచ్చి పెడితే థంబ్‌నెయిల్స్ మళ్లీ తయారు చేసే పనే ఉండదు.

దాన్ని మన ల్యాప్‌టాప్‌కి దించి మళ్లీ ఎక్కించడం మాత్రం వద్దు. నల్లమల పక్కన ఉండే ఊళ్లలో మొబైల్ డేటా మీద ఒక జీబీ అప్‌లోడ్ చేయడం ఎలా ఉంటుందో మాకు తెలుసు. కొత్త సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, అక్కడి నుంచే ఆర్‌సింక్‌తో పాత సర్వర్‌ని లాగండి. రెండు డేటా సెంటర్ల మధ్య ఆ ఫైళ్లు నిమిషాల్లో వస్తాయి. మధ్యలో తెగినా ఆర్‌సింక్ వచ్చిన ఫైళ్లని వదిలేసి మిగిలినవే తెస్తుంది. డొమైన్ పేరు బదులు పాత సర్వర్ ఐపీ నంబర్ వాడితే డీఎన్‌ఎస్ ఎటు తిరిగినా ఇబ్బంది లేదు. బాబాయి సైట్‌కి చేసింది ఇదే. నేమ్‌సర్వర్లు వెనక్కి మార్చి, అవి అన్నిచోట్లా సర్దుకునే దాకా ఆగే టైమ్ మాకు లేదు.

ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టర్మక్స్ యాప్‌ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ చేయొచ్చు. ఒకటే జాగ్రత్త: సర్వర్‌లోకి వెళ్లగానే టీమక్స్ గానీ స్క్రీన్ గానీ మొదలుపెట్టి, అందులో పని నడపండి. అప్పుడు సిగ్నల్ పోయినా, ఫోన్ బ్యాటరీ సేవర్ యాప్‌ని ఆపేసినా సర్వర్‌లో పని ఆగదు. సిగ్నల్ వచ్చాక మళ్లీ అదే స్క్రీన్‌కి రావొచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్ లేని ప్లాన్ అయితే ఫైల్ మేనేజర్‌లో జిప్ చేసి, ఊహించలేని పేరు పెట్టి, కొత్త చోటికి లాగిన వెంటనే పాత చోట డిలీట్ చేయండి. ఆ జిప్‌లో కాన్ఫిగ్ ఫైల్ ఉంటే డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉంటుంది.

డేటాబేస్ దగ్గర ఆగితే

ఇక్కడ ఎర్రర్ నంబర్ వస్తే అదృష్టమే, దాన్ని చదవండి. 1273 అంటే కొలేషన్ తెలియదని. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి తెచ్చిన ఫైల్‌ని పాత మైఎస్‌క్యూఎల్ లేదా పాత మరియాడీబీ ఉన్న సర్వర్‌లో పెడితే వస్తుంది. ఎస్‌క్యూఎల్ ఫైల్ కాపీ తీసుకుని, అందులో 0900 అని ఉన్న కొలేషన్ పేరు చోట యూటీఎఫ్8ఎంబీ4 యూనికోడ్ 520 కొలేషన్ పేరు పెడితే సరిపోతుంది. "సర్వర్ వెళ్లిపోయింది" అనే అర్థంలో 2006 వస్తే ఒక్క వరస ప్యాకెట్ పరిమితి కంటే పెద్దదై ఉండొచ్చు. చాలాసార్లు అది ఏదో ప్లగిన్ దాచుకున్న లాగ్ లేదా క్యాష్ టేబుల్. పాత చోట దాన్ని ఖాళీ చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ తీయండి.

అంతా ఎక్కాక సైట్ తెరిస్తే కొత్తగా ఇన్‌స్టాల్ చేయమనే పేజీ వస్తే కంగారుపడి ఇన్‌స్టాల్ నొక్కొద్దు. టేబుళ్ల ముందుండే ప్రిఫిక్స్, కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్న ప్రిఫిక్స్ ఒకటి కాదని అర్థం. కాన్ఫిగ్‌లో సరిచేస్తే సైట్ కనపడుతుంది.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. "తెలుగు" అనే మాటలో గుణింతాలతో కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో చాలా భాగం మాటతో పాటు దాని బైట్ల లెక్క కూడా కలిపి దాచుకుంటుంది. ఎస్‌క్యూఎల్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి హెచ్‌టీటీపీ చోట హెచ్‌టీటీపీఎస్ అని మార్చేస్తే ఒక అక్షరం పెరుగుతుంది, లెక్క మాత్రం పాతదే ఉంటుంది. దాంతో విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాయమవుతాయి. డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో సెర్చ్-రీప్లేస్ కమాండ్ వాడితే లెక్క కూడా అదే సరిచేస్తుంది. ముందు డ్రై-రన్‌తో ఎన్నిచోట్ల మారుతుందో చూసుకోండి.

తెలుగు చోట నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు పదేపదే కనిపిస్తే యూటీఎఫ్-8 బైట్లని ల్యాటిన్-1గా చదువుతున్నట్టు. డేటా పోలేదు, చదివే పద్ధతి తప్పు. ఆ స్థితిలో ఏ పోస్టూ ఎడిట్ చేసి సేవ్ చేయకండి. పాత చోట నుంచి సరైన క్యారెక్టర్ సెట్‌తో మళ్లీ ఎక్స్‌పోర్ట్ తీయండి.

పాతది ఆపే ముందు

బుధవారం రాత్రికి ఫైళ్లు, గురువారం మధ్యాహ్నానికి డేటాబేస్ వచ్చేశాయి. మిగిలిన సాయంత్రమంతా సరిచూడటానికే పెట్టుకున్నాను. మీరూ ఈ నాలుగూ చూసుకోకుండా పాత ప్లాన్ వదులుకోవద్దు.

- రెండు చోట్లా పోస్టులు, పేజీలు, మీడియా సంఖ్య ఒకటేనా?
- అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫైళ్ల సంఖ్య ఒకటేనా?
- బాగా పాతవి, మధ్యవి, కొత్తవి కలిపి ఓ పది పేజీలు తెరిస్తే ఫోటోలు, తెలుగు సరిగా ఉన్నాయా?
- కాంటాక్ట్ ఫారం నుంచి పంపిన మెయిల్ నిజంగా చేరుతోందా?

నాలుగోది చాలామంది వదిలేస్తారు. వ్యాపారం సైట్‌కి అదే ముఖ్యం. ఫోటోలన్నీ బాగానే ఉండి, ఎంక్వైరీ మెయిల్ రాకపోతే కస్టమర్ ఎదురుచూసి వేరే చోటికి వెళ్లిపోతాడు, మనకి తెలియను కూడా తెలియదు. డొమైన్ మీద మెయిల్ ఐడీలు ఉంటే నేమ్‌సర్వర్లు మార్చే ముందు మెయిల్‌కి సంబంధించిన ఎంఎక్స్ రికార్డులు కూడా కొత్త చోట రాసుకోండి.

చివరిగా ఒక్క మాట. ప్లాన్ ముగిసే రోజుకి కనీసం రెండు వారాల ముందు ఈ పని మొదలుపెట్టండి. ఇంపోర్ట్ ఆగడం సమస్య కాదు, ఎక్కడ ఆగిందో తీరిగ్గా చూసుకునే టైమ్ లేకపోవడమే సమస్య. ఒక కాపీని పెన్‌డ్రైవ్‌లోనో పాత ఫోన్ మెమరీ కార్డులోనో కూడా పెట్టుకోండి. హోస్టింగ్ ఏదైనా మనకి అద్దె ఇల్లే, సామాను మాత్రం మనది.